మగగుర్రం వీర్యాన్ని ఘనీభవింపజేసి నిల్వ చేయడం ఎలా: విశాఖ వాతావరణానికి తగిన పద్ధతి

ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేయించడం ఉత్తరాంధ్ర రైతులకు కొత్త సంగతి కాదు. నైట్రోజన్ డబ్బాను బండికి కట్టుకొని వచ్చే గోపాలమిత్రను ఎరగని పల్లె ఈ ప్రాంతంలో అరుదు, పైగా ఆంబోతుల ఘనీకృత వీర్య కేంద్రం విశాఖపట్నంలోనే ఉంది. కాబట్టి గుర్రం పెంచేవారు, అదే డబ్బా, అదే స్ట్రా (వీర్యం నింపే సన్నని ప్లాస్టిక్ గొట్టం), అదే నైట్రోజన్ ఉన్నప్పుడు గుర్రానికి మాత్రం ఎందుకు కుదరదని అడగడం సహజమే. తప్పక కుదురుతుంది. కుదరనిదల్లా పశువుల దగ్గర అలవాటైన లెక్కలను గుర్రానికి యథాతథంగా వర్తింపజేయడం. గుర్రపు వీర్యం పరిమాణంలో ఎక్కువ, చిక్కదనంలో తక్కువ. చలిదెబ్బకు త్వరగా లోనవుతుంది. గడ్డకట్టేటప్పుడు కణాన్ని కాపాడటానికి కలిపే గ్లిసరాల్‌ను అంతగా భరించలేదు. ఆడగుర్రం ఎద లెక్క ఆవు ఎద లెక్కతో పోలదు. ఈ తేడాలు మనసులో పెట్టుకొని చదివితే కింది పద్ధతిలో ప్రతి మెట్టుకూ కారణం తెలుస్తుంది. ఇందులో చెప్పిన ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి. వీర్య సేకరణ మొదలు గర్భాశయంలో ప్రవేశపెట్టే వరకు ప్రతి పనీ నమోదిత పశువైద్యుని చేతుల్లోనో, ఆయన కళ్ల ముందో జరగాలి. గుర్రం యజమానిగా మీరు ఏమి సిద్ధం చేయాలో, ఏమి అడగాలో, ఎక్కడ పట్టుబట్టాలో తెలియజేయడమే ఇక్కడి ఉద్దేశం.

ముందుగా తేల్చుకోవలసినవి

మీ గుర్రం థరోబ్రెడ్ అయితే ఈ ప్రయత్నమే వద్దు. పందేలకు పరుగెత్తే థరోబ్రెడ్ పిల్లను భారత స్టడ్ బుక్‌లో (వంశావళి రిజిస్టరులో) నమోదు చేయాలంటే అది సహజ సంపర్కం వల్లనే పుట్టి ఉండాలి; కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లకు, తల్లిదండ్రులు ఎంతటి వంశం వారైనా, నమోదు దొరకదు. మార్వాడీ, కాఠియావాడీ వంటి దేశవాళీ జాతుల విషయం వేరు. అవి పుట్టిన రాజస్థాన్, గుజరాత్‌లు మనకు ఎంతో దూరం, ఆడగుర్రాన్ని లారీ ఎక్కించి అంత దూరం పంపడం ఖర్చుకు ఖర్చు, జంతువుకు హింస. మంచి మార్వాడీ మగగుర్రం మీ దగ్గర ఉన్నా, లేక అక్కడి గుర్రం వీర్యం మీకు కావలసినా, ఘనీకృత వీర్యానికి నిజమైన అర్థం ఇటువంటి చోటనే ఉంది. రామకృష్ణా బీచ్‌లో సవారీకి తిప్పే గుర్రానికో, పాడేరు మన్యంలో బరువులు మోసే గుర్రానికో ఈ ఖర్చు దండగే అని నా అభిప్రాయం. పక్క ఊళ్లోనే జత దొరికే జంతువుకు సహజ సంపర్కమే చవక, ఫలితమూ మెరుగు.

తరువాతిది రోగ పరీక్ష. గ్లాండర్స్ పరీక్షలో నెగెటివ్ రాని గుర్రం నుంచి వీర్యం సేకరించకూడదు. ఈ రోగం మనుషులకూ సోకుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద దీనిని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలి. దానితో పాటు గుర్రాల అంటు రక్తహీనత, వీర్యం ద్వారా వ్యాపించే వైరల్ ఆర్టిరైటిస్, జననేంద్రియాల ద్వారా అంటుకునే టేలరెల్లా బాక్టీరియా, అలాగే సంపర్కం వల్ల సోకే దౌరీన్ రోగం పరీక్షలు కూడా చేయించాలి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం గుర్రాల రోగ నిర్ధారణకు దేశంలో ప్రధాన సంస్థ. రక్త నమూనాలను స్థానిక పశుసంవర్ధక శాఖ అధికారి ద్వారా పంపించండి. ద్రవ నైట్రోజన్‌లోని మైనస్ 196 డిగ్రీల చలి వీర్యకణాన్ని కాపాడినట్టే వైరస్‌నూ కాపాడుతుందన్న మాట మరవకండి. ఈ రోజు పరీక్ష లేకుండా దాచిన స్ట్రా పదేళ్ల తరువాత కూడా రోగాన్ని మోసుకుపోగలదు.

మూడవది, మీ గుర్రం వీర్యం ఘనీభవనాన్ని తట్టుకునే రకమా కాదా అన్నది. ఇది చాలామంది వినడానికి ఇష్టపడని విషయం. సహజ సంపర్కంలో ఏటా పిల్లలను కంటున్న మగగుర్రం వీర్యం కూడా కరిగించిన తరువాత కదలిక లేకుండా పోవచ్చు. ఆంబోతులను తరతరాలుగా వీర్యం గడ్డకట్టడానికి పనికివస్తాయా లేదా అన్నది చూసి ఎంచుకుంటూ వచ్చారు. గుర్రాలను అందం, నడక, వంశం చూసి ఎంచుకున్నారు తప్ప ఆ గుణం కోసం ఎవరూ చూడలేదు. అందుచేత మొదట ఒకటి రెండు సేకరణలతో పరీక్షా ఘనీభవనం చేయించి, ఫలితం చూశాకనే పెద్ద మొత్తంలో పనికి దిగండి.

ఏ నెలలో మొదలుపెట్టాలి

గుర్రంలో వీర్యకణం తయారు కావడానికి సుమారు 57 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు సేకరించే వీర్యం రెండు నెలల కిందటి ఎండకో జ్వరానికో సాక్ష్యం చెబుతుంది. విశాఖలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో వృషణాలు చల్లబడే అవకాశం తక్కువ, ఆ దెబ్బ జూన్, జూలైలలో సేకరించిన వీర్యంలో బయటపడుతుంది. కార్తీకం వెళ్లినది మొదలు మాఘం వరకు, అంటే సుమారుగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఈ తీరంలో పనికి అనువైన కాలం. చల్లని దేశాలలో కూడా శీతాకాలంలోనే ఎక్కువగా ఘనీభవింపజేస్తారు, కానీ వారి కారణం వేరు: వేసవిలో వారి మగగుర్రాలు ఆడగుర్రాలతో తీరిక లేకుండా ఉంటాయి. గత రెండు నెలల్లో గుర్రానికి జ్వరం వచ్చినా, వృషణాల దగ్గర వాపు కనిపించినా పనిని వాయిదా వేయండి.

చాలాకాలం ఖాళీగా ఉన్న గుర్రంలో పాత కణాలు పేరుకొని ఉంటాయి. కాబట్టి అసలు పనికి ముందు ఐదు నుంచి ఏడు రోజుల పాటు రోజుకొకసారి వీర్యం తీసి పారబోయండి. ఆ తరువాత రోజు విడిచి రోజు సేకరించినది ఘనీభవనానికి వాడండి.

సేకరణ

నేల జారకుండా ఉండాలి. ఇసుక పరిచిన నేలో రబ్బరు చాపలో మంచిది. గుర్రం ఎక్కడానికి దృఢమైన డమ్మీ కావాలి, దాని ఎత్తును గుర్రం ఎత్తుకు తగ్గట్టు మార్చగలగాలి. ఎదలో ఉన్న ఆడగుర్రాన్ని కట్టేసి ఎదురుగా ఉంచితే మొదటిసారి వచ్చే గుర్రాలు కూడా డమ్మీకి త్వరగా అలవాటుపడతాయి. గుర్రాన్ని పట్టుకునే మనిషి, కృత్రిమ యోని (వీర్యం పట్టే వెచ్చని గొట్టం) పట్టుకునే మనిషి ఒకే పక్కన, గుర్రానికి ఎడమ వైపున నిలబడాలి. హెల్మెట్ పెట్టుకోవడం పిరికితనం కాదు.

గుర్రం అంగాన్ని గోరువెచ్చని మంచినీటితో కడిగి, మెత్తని కాగితంతో పొడిగా తుడవండి. సబ్బు వద్దు, డెట్టాల్ అంతకన్నా వద్దు. వీర్యకణానికి సబ్బు చుక్క, మంచినీటి చుక్క, మూత్రపు చుక్క, మూడూ విషమే. మనకు శుభ్రత అంటే నీళ్లతో కడగడం కాబట్టి సీసాలను కడిగి తడి ఆరకముందే వాడే అలవాటు సులువుగా వచ్చేస్తుంది. వీర్యాన్ని తాకే ప్రతి వస్తువూ పూర్తిగా పొడిగా ఉండాలి, వీలైతే ఒకసారి వాడి పారేసేదై ఉండాలి.

కృత్రిమ యోనిలో మిస్సోరి, కొలరాడో, హానోవర్ అనే నమూనాలు వాడుకలో ఉన్నాయి. ఏది వాడినా లోపలి గోడ వేడి 44 నుంచి 48 డిగ్రీల మధ్య ఉండేలా నీరు నింపి, థర్మామీటరు లోపల పెట్టి చూడండి. చేతితో తాకి చూసి అంచనా వేయడం సరిపోదు. కందెనగా వీర్యకణాలను చంపనిది మాత్రమే, అదీ ముందు భాగంలో కొద్దిగా రాయండి. సేకరణ సీసా లోపల నైలాన్ వడపోత గుడ్డ అమర్చాలి, ఎందుకంటే గుర్రపు వీర్యం చివర్లో జిగురు ముద్ద వస్తుంది, అది కలిస్తే ఆ తరువాతి పనులన్నీ చెడతాయి. సీసాను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, వెలుతురు తగలని తొడుగు వేసి బిగించండి.

గుర్రం డమ్మీ ఎక్కి కృత్రిమ యోనిలోకి వచ్చాక దాని తోక మొదలును గమనించండి. అది లయగా పైకీ కిందికీ కొట్టుకోవడం మొదలైందంటే స్ఖలనం జరుగుతోందని అర్థం. అంగం అడుగున వేలు ఆనించి ఉంచిన మనిషికి మూత్రనాళంలో అలలు అలలుగా అదురు తెలుస్తుంది. వీర్యం ఐదు నుంచి పది చిమ్ములుగా వస్తుంది, కణాలలో ఎక్కువ భాగం మొదటి మూడింటిలోనే ఉంటాయి. కాబట్టి అప్పుడు పట్టు సడలకూడదు. తోక ఆగిన తరువాత నీటి ఒత్తిడి కొద్దిగా తగ్గిస్తే మిగతా ద్రవం సీసాలోకి దిగుతుంది.

పరీక్ష, తొలి పలచన

సీసా చేతికి వచ్చిన క్షణం నుంచి గడియారం మీ మీద స్వారీ చేస్తుంది. వీర్యాన్ని ఐదు పది నిమిషాల్లోగా 37 డిగ్రీల ఎక్స్‌టెండర్‌తో (వీర్యాన్ని పలచన చేసి కణాలను కాపాడే ద్రావణంతో) కలపాలి, కనుక ఎక్స్‌టెండర్ ముందే వెచ్చబడి ఉండాలి. ముందు రంగు చూడండి. మంచి వీర్యం పలుచని పాలలా ఉంటుంది. పసుపు ఛాయ, మూత్రపు వాసన ఉంటే పారబోయండి. రక్తపు ఛాయ ఉంటే పారబోయడంతో పాటు గుర్రానికి చికిత్స చేయించండి. జిగురు తీసిన ద్రవం పరిమాణాన్ని కొలిచి, చిన్న చుక్కను పలచన చేసి, వేడి బల్ల ఉన్న సూక్ష్మదర్శిని కింద ముందుకు ఈదే కణాల శాతాన్ని చూడండి. అది 60 శాతానికి తక్కువ ఉంటే ఆ రోజు వీర్యాన్ని ఘనీభవింపజేయడం నైట్రోజన్ వృథా చేయడమే. కణాల సంఖ్యను హీమోసైటోమీటరుతో, అంటే సూక్ష్మదర్శిని కింద కణాలు లెక్కపెట్టే గీతల గాజు పలకతో, లెక్కించండి. ఆంబోతు వీర్యానికి అమర్చిన ఫోటోమీటరు (కాంతితో కణాల సంఖ్యను అంచనా వేసే పరికరం) గుర్రానికి తప్పు లెక్క చెబుతుంది, దానిని మళ్లీ సరిచేసుకోకుండా వాడవద్దు.

తొలి పలచనకు వాడే ఎక్స్‌టెండర్ తయారీ సులభమే. 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో 2.4 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, 4.9 గ్రాముల గ్లూకోజ్ కలిపి, తగిన యాంటీబయాటిక్ చేరుస్తారు. 1970ల నుంచి గుర్రాల విషయంలో ప్రపంచమంతటా వాడుతున్నది ఇదే. పెన్సిలిన్, అమికాసిన్ జంటగా వాడటం మామూలు. మోతాదు పశువైద్యుడు నిర్ణయించాలి. తయారుగా దొరికే ఎక్స్‌టెండర్లు కూడా ఉన్నాయి, ఖర్చు భరించగలిగితే అవే మేలు, ఎందుకంటే ప్రతి విడతా ఒకేలా ఉంటుంది. వీర్యం ఎంతో ఎక్స్‌టెండర్ కనీసం అంతే ఉండాలి. ఎక్స్‌టెండర్‌ను వీర్యంలోకి గోడ వెంబడి నిదానంగా పోయండి, కుదపవద్దు.

సెంట్రిఫ్యూజ్

వీర్యాన్ని యంత్రంలో వేగంగా తిప్పి కణాలను ద్రవం నుంచి వేరుచేసే మెట్టు ఇది. ఆంబోతు వీర్యానికి దీని అవసరం లేదు. గుర్రపు వీర్యంలో ద్రవం ఎక్కువ, ఆ ద్రవమే నిల్వలో కణాలకు హాని చేస్తుంది, పైగా దానిని తీయకుండా స్ట్రాలో పడితే కావలసినన్ని కణాలు పట్టవు. కలిపిన వీర్యాన్ని 50 మిల్లీలీటర్ల కోనుగా ఉండే గొట్టాలలో పోసి, 20 నుంచి 22 డిగ్రీల వద్ద, 600 జి బలంతో (భూమ్యాకర్షణకు 600 రెట్లు) 10 నిమిషాలు తిప్పాలి. యంత్రం మీద కనిపించేది జి బలం కాదు, నిమిషానికి చుట్లు. రోటర్ వ్యాసార్ధం 15 సెంటీమీటర్లయితే సుమారు 1,900 చుట్లు, 10 సెంటీమీటర్లయితే సుమారు 2,300 చుట్లు ఆ బలానికి సమానం. ఈ లెక్క చూసుకోకుండా ఎవరో చెప్పిన చుట్ల సంఖ్య పెడితే కణాల తోకలు తెగుతాయి, లేదా కణాలు అడుగుకు దిగక పైద్రవంతో పాటు పారిపోతాయి. బ్రేకు వేయకుండా యంత్రాన్ని దానంతట ఆగనివ్వండి.

విశాఖలో గది వేడి ఏడాదిలో ఎక్కువ నెలలు 28 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఏసీ లేని గదిలో 22 డిగ్రీలు అన్నది కాగితం మీది మాటే. గదిని పనికి రెండు గంటల ముందే చల్లబరిచి, సెంట్రిఫ్యూజ్‌ను, గొట్టాలను, పిప్పెట్లను కూడా ఆ గదిలోనే ఉంచండి. ఏసీ గాలి నేరుగా గొట్టాల మీద పడకూడదు. కరెంటు పోతే ఏసీతో పాటు సెంట్రిఫ్యూజ్ కూడా ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టరో జనరేటరో ఉండి తీరాలి.

తిప్పడం అయ్యాక పైద్రవాన్ని పిప్పెట్‌తో మెల్లగా లాగేసి, ప్రతి గొట్టంలో అడుగున రెండు మూడు మిల్లీలీటర్లు మిగల్చండి. గడ్డలాగా కనిపించే అడుగు పొరను గట్టిగా కుదపకుండా, గొట్టాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ విడదీయండి.

ఘనీభవన ఎక్స్‌టెండర్, స్ట్రాల లెక్క

నీరు మంచుగా మారేటప్పుడు కణం చిట్లకుండా కాపాడే పదార్థం కావాలి. గ్లిసరాల్ ఆ పని చేస్తుందని 1949లో ఇంగ్లండ్‌లో కోడిపుంజు వీర్యం మీద తేలింది. గుర్రం విషయంలో ఘనీభవింపజేసిన కణాలతో తొలి పిల్ల 1957లో కెనడాలో నివేదితమైంది, ఆ కణాలను వృషణాలను అంటి ఉండే ఎపిడిడిమిస్ నుంచి తీశారు. అయితే గుర్రపు కణానికి గ్లిసరాల్ మందూ అవుతుంది, విషమూ అవుతుంది. 5 శాతం దాటనివ్వకండి. ఇటీవలి ఎక్స్‌టెండర్లలో గ్లిసరాల్‌ను చాలావరకు తగ్గించి మిథైల్‌ఫార్మమైడ్ వాడుతున్నారు. అది చిన్న అణువు కావడం వల్ల కణంలోకి త్వరగా వెళ్లి త్వరగా బయటికి వస్తుంది. గ్లిసరాల్‌తో సరిగా ఫలితం రాని గుర్రం కొన్నిసార్లు దీనితో దారికి వస్తుంది, కాబట్టి పరీక్షా ఘనీభవనంలో ఒకే వీర్యాన్ని రెండు భాగాలు చేసి రెండింటినీ చూడమని పట్టుబట్టండి.

లాక్టోజ్, పచ్చసొన ఎక్స్‌టెండర్‌ను స్వయంగా చేయించుకునేవారికి కొలతలు ఇవి: 11 శాతం లాక్టోజ్ ద్రావణం 50 మిల్లీలీటర్లు, గ్లూకోజ్–ఈడీటీఏ ద్రావణం 25, కోడిగుడ్డు పచ్చసొన 20, గ్లిసరాల్ 5. పచ్చసొన తీయడంలోనే చేతి నేర్పు ఉంది. తాజా గుడ్డు పెంకును స్పిరిట్‌తో తుడిచి, పగలగొట్టి, సొనను ఈ పెంకులోంచి ఆ పెంకులోకి మార్చుతూ తెల్లసొన వీలైనంత వదిలించండి. తరువాత సొనను వడపోత కాగితం మీద మెల్లగా దొర్లిస్తే మిగిలిన తెల్లసొన కాగితానికి అంటుకుపోతుంది. అప్పుడు పొరను సూదితో గుచ్చి, పొర కాగితం మీదనే ఉండిపోయేలా పచ్చసొనను మాత్రమే కొలపాత్రలోకి జారవిడవాలి. తెల్లసొన కలిస్తే కణాల కదలిక తగ్గుతుంది.

ఇక లెక్క. ప్రయోగశాలలు మిలియన్లలో చెప్పే సంఖ్యలను ఇక్కడ కోట్లలో ఇస్తున్నాను. జిగురు తీసిన వీర్యం 60 మిల్లీలీటర్లు వచ్చిందనీ, మిల్లీలీటరుకు 20 కోట్ల కణాలున్నాయనీ అనుకుందాం. మొత్తం 1,200 కోట్లు. సెంట్రిఫ్యూజ్‌లో పావు వంతు పోతే 900 కోట్లు మిగులుతాయి. వాటిని మిల్లీలీటరుకు 20 కోట్లుండేలా ఘనీభవన ఎక్స్‌టెండర్‌తో 45 మిల్లీలీటర్లకు పలచన చేస్తే, అర మిల్లీలీటరు స్ట్రాలు 90 నిండుతాయి, స్ట్రాకు 10 కోట్లు. అంతర్జాతీయంగా ఒక మోతాదులో కరిగించిన తరువాత ముందుకు ఈదే కణాలు కనీసం 25 కోట్లు ఉండాలని చూస్తారు. ఎనిమిది స్ట్రాలలో 80 కోట్లు, అందులో 35 శాతం ఈదితే 28 కోట్లు. కాబట్టి ఎనిమిది స్ట్రాలు ఒక మోతాదు. మొత్తం పదకొండు మోతాదులు, పరీక్షకు రెండు స్ట్రాలు. ఆంబోతు వీర్యమైతే పావు మిల్లీలీటరు స్ట్రాకు 2 కోట్లు వేసి ఒక్క సేకరణ నుంచే వందల మోతాదులు తీస్తారు. ఒక్క స్ట్రాతో ఆవు చూలు కట్టడం చూసినవారు గుర్రానికి ఎనిమిదెందుకని బేరమాడతారు. అక్కడ తగ్గకండి.

స్ట్రా నింపే ముందే దాని మీద గుర్రం పేరు, మైక్రోచిప్ సంఖ్య, జాతి, సేకరణ తేదీ, విడత సంఖ్య ముద్రించాలి. చేత్తో పెన్నుతో రాసినది నైట్రోజన్‌లో నిలవదు. నింపేటప్పుడు స్ట్రాలో చిన్న గాలి బుడగ వదలండి. ద్రవం గడ్డకట్టి వ్యాకోచించినప్పుడు ఆ ఖాళీ లేకపోతే మూత ఎగిరిపోతుంది.

చల్లబరచడం, గడ్డకట్టించడం

20 నుంచి 5 డిగ్రీలకు దిగే దారిలోనే గుర్రపు కణానికి చలిదెబ్బ తగులుతుంది, ముఖ్యంగా 19, 8 డిగ్రీల మధ్య. నింపిన స్ట్రాలను పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టి, 20 డిగ్రీల నీరున్న బీకరులో నిలిపి, ఆ బీకరును 5 డిగ్రీల చల్లని అరలో పెడితే నీరు చల్లబడినంత నిదానంగానే స్ట్రాలూ చల్లబడతాయి. దీనికి కనీసం గంటన్నా ఇవ్వండి. ఇంట్లో కూరగాయలు పెట్టే ఫ్రిజ్ ఈ పనికి రాదు. తలుపు తీసిన ప్రతిసారీ దాని వేడి మారుతుంది. మిథైల్‌ఫార్మమైడ్ ఎక్స్‌టెండర్లకు తయారీదారులు వేరే కాలవ్యవధి చెబుతారు, వాటికి అదే పాటించండి.

కార్యక్రమం అమర్చుకునే ఘనీభవన యంత్రం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. చేపల ఎగుమతికి వాడే మందపాటి థర్మాకోల్ పెట్టె ఒకటి తీసుకోండి, అది విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర వెదకనక్కరలేకుండా దొరుకుతుంది. పెట్టెలో నాలుగైదు సెంటీమీటర్ల లోతు ద్రవ నైట్రోజన్ పోసి, మూత పెట్టి, పొంగు అణగేదాకా ఆగండి. స్ట్రాలను పొడిగా తుడిచి, ఒకదానికొకటి తగలకుండా రాక్ మీద పడుకోబెట్టి, ద్రవం పైమట్టానికి 3 నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో ఆ రాక్‌ను నిలిపి మూత వేయండి. లాక్టోజ్–పచ్చసొన ఎక్స్‌టెండర్‌కు 10 నుంచి 15 నిమిషాలు ఆవిరిలో ఉంచి, తరువాత స్ట్రాలను ఒక్కసారిగా ద్రవంలోకి జారవిడవాలి. ఆ మధ్యలో మూత తీసి చూడవద్దు. మన తీరపు గాలిలో తేమ ఎంతంటే, మూత తీసిన మరుక్షణం తెల్లని మంచు పొడి స్ట్రాల మీద పేరుకుంటుంది, ఆవిరి వేడి కూడా మారిపోతుంది. గాబ్లెట్లు (స్ట్రాలు నిలబెట్టే చిన్న గిన్నెలు), వాటిని డబ్బాలోకి దించే క్యానిస్టర్లు, పటకా అన్నిటినీ ముందే నైట్రోజన్‌లో చల్లబరచి, స్ట్రాలను ద్రవంలో మునిగి ఉండగానే గాబ్లెట్లలోకి సర్దండి.

ఈ పని చేసే గది కిటికీలు తెరిచి ఉండాలి. ఏసీ కోసం తలుపులు బిగించిన గదిలో సెంట్రిఫ్యూజ్ పెట్టుకోండి, నైట్రోజన్ మాత్రం వరండాలోనో గాలి ఆడే గదిలోనో పోయండి. నైట్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు; గదిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నదని అది ఏ హెచ్చరికా ఇవ్వదు, మనిషి దగ్గకుండానే స్పృహ తప్పుతాడు. కారు అద్దాలు బిగించి, ఏసీ వేసుకొని వెనక సీట్లో డబ్బా పెట్టుకొని ప్రయాణించడం కూడా ఇదే కారణం వల్ల ప్రమాదం. ముఖానికి అడ్డు, వదులుగా ఉండే చలి చేతితొడుగులు, కాళ్లకు మూసి ఉన్న బూట్లు తప్పనిసరి.

కరిగించి చూడటం

మరునాడు, ప్రతి విడత నుంచి ఒకటి రెండు స్ట్రాలు కరిగించి చూడకుండా దేనినీ నిల్వ లెక్కలో వేయవద్దు. 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, పొడిగా తుడిచి, కోసి, 37 డిగ్రీల వద్ద కొన్ని నిమిషాలు ఉంచాక చూడాలి. ముందుకు ఈదే కణాలు 35 శాతం ఉంటే ఎనిమిది స్ట్రాల లెక్క నిలుస్తుంది. 30 శాతానికి తగ్గితే ఆ విడతను పారేయమని నా సలహా. కొందరు స్ట్రాల సంఖ్య పెంచి దాన్ని అమ్ముతారు, కానీ కదలిక అంతగా పోయిన చోట మిగిలిన కణాల పొరలు కూడా దెబ్బతిని ఉంటాయి. సూక్ష్మజీవుల పరీక్షకు కూడా ఒక స్ట్రా పంపించండి.

నిల్వ, రవాణా

నైట్రోజన్ డబ్బాకు కరెంటు అక్కరలేదు, నైట్రోజన్ అక్కర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లకు అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. అటువంటి వారంలో నైట్రోజన్ బండి మీ గుమ్మానికి రాదు. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను కబురు వినిపించగానే డబ్బాను నిండుగా నింపించండి; విలువైన గుర్రం వీర్యమైతే సగం స్ట్రాలను మరో ఊళ్లోని డబ్బాలో దాచండి.

మట్టాన్ని వారానికోసారి చూడాలి. పొడవాటి చెక్క కొలబద్దను డబ్బా అడుగు దాకా దించి, పది సెకన్లు ఉంచి, పైకి తీసి గాలిలో ఊపండి. తేమ గాలికి ద్రవం తగిలినంత మేర తెల్లని మంచు గీత కడుతుంది, అదే మట్టం. బోలుగా ఉండే ఇనుప గొట్టం వాడకండి, దాని పై కొన నుంచి నైట్రోజన్ చిమ్ముతుంది. డబ్బా మెడ బయటి వైపు మంచు గానీ నీటి చెమట గానీ కనిపిస్తే లోపలి శూన్యం పోయిందని అర్థం, ఆ రోజే స్ట్రాలను మరో డబ్బాకు మార్చండి.

స్ట్రా వెతికేటప్పుడు క్యానిస్టర్‌ను మెడ మీదికి ఎత్తవద్దు. పది సెకన్లలో దొరకకపోతే మళ్లీ దించి, చల్లబడనిచ్చి, అప్పుడు మళ్లీ వెతకండి. మైనస్ 130 డిగ్రీల పైకి ఒక్కసారి వేడెక్కినా కణంలోని సన్న మంచు స్ఫటికాలు పెరగడం మొదలవుతుంది; ఆ నష్టం బయటికి కనిపించదు, డబ్బాలో తిరిగి పెట్టినంత మాత్రాన పోదు. దూర ప్రాంతాలకు పంపేటప్పుడు నైట్రోజన్‌ను పీల్చుకొని ఉంచే పదార్థం గల డ్రై షిప్పర్ వాడండి. అందులో ఒలికే ద్రవం ఉండదు కాబట్టి విమాన రవాణాకు అదే తగినది. పంపే ముందు రోజే నింపి, పూర్తిగా పీల్చుకున్నాక మిగిలిన ద్రవాన్ని వంపేయండి.

ప్రభుత్వ సాయం గురించి ఒక మాట. గుర్రాలు, గాడిదలు, ఒంటెల వీర్య కేంద్రాలకు, మూల జాతి పెంపక క్షేత్రాలకు కేంద్రం 10 కోట్ల రూపాయలు ఇచ్చే వీలును 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుధన మిషన్‌లో చేర్చారు. సొంత ప్రయోగశాల పెట్టే ఆలోచన ఉన్నవారు పశుసంవర్ధక శాఖను అడగవచ్చు. సాంకేతిక సలహాకు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల మనకు దగ్గర.

ఆడగుర్రంలో వాడటం

పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున అనే ఆవు లెక్క ఇక్కడ పనికిరాదు. ఆడగుర్రం ఎద ఐదు నుంచి ఏడు రోజులు సాగుతుంది, అండం చివరి రోజుల్లో విడుదలవుతుంది. తాజా వీర్యం రెండు మూడు రోజులు బతుకుతుంది కనుక సహజ సంపర్కంలో కొంత తేడా వచ్చినా సర్దుకుంటుంది. ఘనీకృత కణాల ఆయువు అందులో చిన్న భాగం. అండం విడుదలకు ముందు 12 గంటల నుంచి తరువాత 6 గంటల లోపు వీర్యం గర్భాశయంలో ఉండాలి.

అందువల్ల అల్ట్రాసౌండ్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. అండపుటిక (అండాశయంలో అండం పెరిగే తిత్తి) 35 మిల్లీమీటర్లు దాటి, గర్భాశయం గోడలో వాపు కనిపించినప్పుడు హెచ్‌సీజీ సూది వేస్తే సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. సూది వేసిన వేళను బట్టి రాత్రి పరీక్షలు తప్పవు, కాబట్టి పశువైద్యుడు అర్ధరాత్రి రాగలడో లేదో ముందే మాట్లాడుకోండి. అది కుదరకపోతే సూది వేసిన 24వ గంటకు ఒక మోతాదు, 40వ గంటకు ఒక మోతాదు ఇచ్చే పద్ధతి ఉంది. మోతాదులు రెండింతలు ఖర్చవుతాయి, కంటి మీద కునుకు దక్కుతుంది. ఎనిమిది స్ట్రాలనూ ఒకేసారి 37 డిగ్రీల నీటిలో కరిగించి, వెచ్చని పొడి గొట్టంలో కలిపి, పొడవాటి కాథెటర్‌తో అండం పెరుగుతున్న వైపు గర్భాశయ కొమ్ము చివరిదాకా చేర్చాలి.

మరునాడు గర్భాశయంలో ద్రవం చేరిందేమో చూసి, చేరితే కడిగించి, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇప్పించాలి. ఘనీకృత వీర్యం తరువాత ఈ వాపు సాధారణం. 14 నుంచి 16 రోజుల మధ్య గర్భ పరీక్ష తప్పక చేయించండి. కవలలు కనిపిస్తే ఒకదానిని ఆ దశలోనే తీసివేయడం సులభం, ఆలస్యమైతే సాధారణంగా రెండూ పోతాయి. పరీక్ష ఫలితాన్ని ఆడగుర్రం కార్డులోనే కాక, మగగుర్రం విడత రిజిస్టరులో ఆ స్ట్రాల విడత సంఖ్య పక్కన కూడా రాయించండి. వచ్చే శీతాకాలంలో ఏ ఎక్స్‌టెండర్‌తో ఎన్ని సేకరణలు చేయాలో నిర్ణయించేది ఆ వరుసే.